అమ్మమ్మ గురించి రాయాలనుకుంటున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను, మొదటిసారి నీ ఏడుపే వినపడింది, రెండోసారికి మాట వినపడింది. సంవత్సరీకం లోపు అమ్మమ్మ గురించి చిన్న పుస్తకంలాంటిది రాసి అందరికీ ఇద్దామనుకున్నావు, లాప్‌టాప్ తెరిచి "మా అమ్మమ్మ ప్రేమమూర్తి" అని ఒక లైను రాసి ఇంక కదల్లేక మూసేశావు. టీచర్ మామ్మా, నువ్వు మీ అమ్మ గురించి రాశావు కదా, ఎలా రాశావో చెప్పవా అన్నావు. చెప్తాను తల్లీ. ఫోన్లో అయితే నేను సగం మర్చిపోతాను, నువ్వు సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. తీరిగ్గా చదువుకో, ఒక్కసారే చదవాలని లేదు.

ముందు ఆ లైను కొట్టేయ్. అబద్ధమని కాదు, 1982లో మేం ఈ వీధికి వచ్చిన దగ్గర్నుంచి మీ గోడ పక్క గోడ మాది, మీ అమ్మమ్మ ఎలాంటిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ లైను తీసుకెళ్ళి బొబ్బిల్లో ఏ అమ్మమ్మ ఫోటో కింద పెట్టినా సరిపోతుంది కదా. ప్రేమమూర్తి, త్యాగమూర్తి, ఇవన్నీ పెద్దకర్మ రోజు ఫ్లెక్సీ మీద వేయించే మాటలు. నువ్వు రాసేది రేపు నీ పిల్లలు చదవాలి, వాళ్ళు ఆవిడ్ని చూడలేరు, చదివాక ఓహో ఇలా కూర్చునేదా, ఇలా మాట్లాడేదా అని వాళ్ళ కళ్ళకి కట్టాలి.

అందుకని ఆవిడ చేతులతో మొదలుపెట్టు. విస్తళ్ళు కుట్టడం నీకు లీలగా గుర్తుండుంటుంది, నువ్వు సెలవులకి వచ్చేనాటికి పేపరు ప్లేట్లు వచ్చేసి ఆ పని తగ్గిపోయింది. అంతకు ముందు మీ ఇల్లు నడిచింది సగం మీ తాత జూట్ మిల్లు జీతం మీద, సగం ఆ అడ్డాకుల మీద. సాలూరు వైపు కొండల్లోంచి గిరిజనులు ఆకు కోసి మోపులు కట్టి సంతకి దింపేవాళ్ళు, మీ అమ్మమ్మ పొద్దున్నే రైలుబస్సెక్కి సాలూరు వెళ్ళి బేరమాడి తెచ్చుకునేది. ఆకు బాగా ఎండితే కుట్టేటప్పుడు చిట్లిపోతుంది, మరీ పచ్చిగా ఉంటే కుట్టాక ముడుచుకుపోతుంది, అందుకని నీళ్ళు చిలకరించి తడి గోనె కప్పి ఉంచేది. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక అరుగు మీద బల్బు కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, చీపురుపుల్లని బొటనవేలి గోరుతో నిలువునా రెండుగా చీల్చి, ఆ చీలికతో ఆకుకి ఆకు గుచ్చి టక్కున విరిచేది, గుచ్చడం విరవడం, గుచ్చడం విరవడం, నేను లోపల పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఆ టక్ టక్ వింటూ ఉండేదాన్ని, ఆ చప్పుడు ఆగిందంటే పదకొండు అయిందన్నమాట. ఆ గోరు ఎప్పుడు చూసినా మధ్యలో చీలే ఉండేది. కుట్టిన విస్తరి ఎత్తి బల్బుకి ఎదురుగా పట్టి చూసేది, ఎక్కడైనా చుక్కంత వెలుతురు కనపడితే పులుసు కారిపోద్దని అక్కడ ఇంకో చిన్న ఆకుముక్క పెట్టి మళ్ళీ కుట్టేది. వందకి ఒక కట్ట, కానీ ఆవిడ కట్టలో నూట రెండు ఉండేవి. ఎందుకొదినా అని అడిగితే, "ఆకులో ఏదో ఒకటి సిరుగుద్ది టీచరమ్మా, బోజనానికి కూకున్నోడు లెగిసిపోకూడదు కదేటి" అనేది.

మంచిది అన్న మాట తీసేసి ఆ నూట రెండు రాయి.

ఇంకోటి, ఆవిడ మాట మార్చకు. ఇది నేను చేసిన తప్పు, నువ్వు చేయకూడదని చెప్తున్నా. మా అమ్మ 2016లో పోయింది. నేను ముప్పై నాలుగేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని, అమ్మ గురించి రాస్తూ రాస్తూ ఆవిడ మాటలన్నీ నాకు తెలీకుండానే దిద్దేశాను. "ఏటే గుంటా, అంబలి తాక్కుండా ఎల్లిపోతన్నావు" అన్న మనిషి చేత "ఏమ్మా, అంబలి తాగకుండా వెళ్ళిపోతున్నావు" అనిపించాను. నూట ఇరవై కాపీలు వేయించి సంవత్సరీకం రోజు పంచాక, మా తమ్ముడు ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివి పుస్తకం మూసి, అక్కా అన్నీ ఉన్నాయి గానీ అమ్మ గొంతు లేదే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అమ్మ గొంతు రికార్డు చేసింది ఒక్కటి కూడా లేదు మా దగ్గర, మిగిలిన ఒక్క దారి ఆ పుస్తకం, అది కూడా నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు గారు, ఇద్దరూ మన గడ్డ మనుషులే, జనం మాట్లాడే మాటే రాయాలని అంత పోరాడారు, గిడుగు వారి పుట్టినరోజని ఆగస్టు 29న ఏటా బళ్ళో భాషా దినోత్సవం చేసి పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించాను, ఇంటికొచ్చి మా అమ్మ మాట దిద్దాను.

నీకు ఆ కష్టం లేదు, ఆవిడ నీకు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి కదా. కానీ అవి వాట్సాప్‌లోనే వదిలేయకు, ఫోన్ మారితే పోతాయి, ఈ ఆదివారమే కూర్చుని అన్నీ బయటికి తీసి డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టు, ప్రతిదానికీ తేదీ వేసి ఏం సంగతో ఒక ముక్క పేరు పెట్టు, లేకపోతే రెండేళ్ళ తర్వాత ఏది ఎక్కడుందో నీకే దొరకదు. తర్వాత ఒక్కొక్కటి వింటూ అన్నది అన్నట్టు రాసుకో. వత్తాను అంటే వత్తాను అనే రాయి. ఎవరో చదివి నవ్వుతారేమో అని భయపడకు, నవ్వేవాళ్ళకి ఆ పుస్తకం ఇవ్వకు.

ఇంక ఎవర్ని అడగాలి అంటే, ఇంట్లోవాళ్ళని ఆఖర్న అడుగు. అందరూ ఇంట్లోనే మొదలుపెడతారు, నేనూ అలాగే చేశాను. ఇంట్లోవాళ్ళకి అమ్మ అంటే వండింది, పెట్టింది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంది, ఇవే గుర్తుంటాయి, తప్పు కాదు, వాళ్ళు చూసింది అదే. మా అమ్మ గురించి నాకు బొత్తిగా తెలీని సంగతి చెప్పింది ఎవరో తెలుసా, రాజాంలో మా ఇంటికి ముప్పై ఏళ్ళు కూరగాయలు తెచ్చిన ఆవిడ. పుస్తకం అచ్చయిపోయాక ఒక కాపీ ఇద్దామని వెళ్తే, మీ యమ్మా నానూ సముద్రం సూసొచ్చినాం తెల్సా అంది. అరసవల్లి వెళ్ళొస్తామని మా నాన్నగారికి చెప్పారంట, వెళ్ళారు, సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నారు, అక్కడి నుంచి ఎవరికీ చెప్పకుండా కళింగపట్నం బస్సెక్కి, వంశధార సముద్రంలో కలిసే చోట మోకాలు లోతు నీళ్ళలో చీర తడుపుకుని నిలబడి, ఆ తడి చీరతోనే బస్సులో కూర్చుని చీకటి పడేలోపు ఇంటికొచ్చేశారు. మా అమ్మ సముద్రం చూసిందని నాకు అరవై ఐదేళ్ళ వయసులో తెలిసింది. ఆ పుస్తకంలో ఆ సముద్రం లేదు. అందుకే చెప్తున్నా, అచ్చుకి ఇచ్చే ముందే బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళు. మీ అమ్మమ్మ పొదుపు సంఘంలో ఆడవాళ్ళు ఇప్పటికి ఐదుగురు మిగిలారు, ఇద్దరికి సరిగ్గా వినపడదు, ఆలస్యం చేయకు. వేణుగోపాలస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ ఉంది, వాయిదాల మీద చీరలు ఇచ్చే ఆయన ఉన్నాడు, సాలూరులో ఆకు అమ్మిన కుటుంబం వాళ్ళ పిల్లలు ఉంటారు.

వెళ్ళినప్పుడు ఉత్త చేతులతో వెళ్ళి మా అమ్మమ్మ ఎలాంటిది అని అడగకు, అలా అడిగితే ఎవరైనా బంగారంలాంటి మనిషమ్మా అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏదో ఒక వస్తువు పట్టుకెళ్ళు, ఆవిడ తమలపాకుల పెట్టో కళ్ళజోడో, లేదా ఒక పాత ఫోటో. వాళ్ళ చేతిలో పెట్టి ఊరుకో. అది తిప్పి చూస్తూ వాళ్ళే మొదలుపెడతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళు, పొద్దున్న ఎవరికీ తీరదు, సాయంత్రం సీరియళ్ళు. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు, దొంగతనంగా చేయకు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతే నువ్వు వెంటనే ఇంకో ప్రశ్న వేసేయకు, కాసేపు అలాగే కూర్చో, ఆగిన తర్వాత వచ్చే మాటే చాలాసార్లు అసలు మాట. అడగాల్సినవి ఏమిటంటే ఆవిడకి కోపం దేనికి వచ్చేది, ఎవరింటికి వెళ్ళేది కాదు, డబ్బులు ఎక్కడ దాచేది, దేనికి భయపడేది. మీ అమ్మమ్మకి ఉరుములంటే భయం నీకు తెలుసా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం మీ ఇంటి తలుపు గడియ వేసుకుని మంచం కింద కాదు గానీ మంచం పక్కన నేల మీద కూర్చుంది, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, తర్వాత కరెంటు లేని రోజుల్లో మాత్రం వీధిలో పిల్లలందరికీ పొయ్యి మీద గంజి కాచి పోసింది ఆవిడే.

తేదీల దగ్గర తికమక పడతావు, అది ముందే చెప్తా. ఆధార్‌లో ఉన్న పుట్టినరోజు నమ్మకు. ఆవిడ ఆధార్‌లో 1952 జనవరి 1 అని ఉంది, అప్పట్లో తేదీ తెలీని వాళ్ళకి అలా జనవరి 1 అనే వేసేశారు. మీ ముత్తవ్వ నాతో చెప్పింది వేరు, గాంధీగారు పోయిన ఏడు ఉగాది వెళ్ళాక మామిడికాయల రోజుల్లో పుట్టింది అని. గాంధీగారు పోయింది 1948 జనవరి 30, ఆ తర్వాతి ఉగాదితో వచ్చింది సర్వధారి, అంటే మీ అమ్మమ్మ పుట్టింది సర్వధారిలో, 1948 ఎండాకాలం. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి, కాబట్టి ఎవరైనా వికృతిలో పెళ్ళయింది, విజయలో పెద్దాడు పుట్టాడు అని చెప్తే భయపడకు, ఇప్పటి దగ్గర్నుంచి వెనక్కి అరవై లెక్క కట్టు, 2013 ఉగాదికి వచ్చింది విజయ, అరవై తీస్తే 1953. పాత శుభలేఖల్లో సంవత్సరం, మాసం, తిథి, వారం అన్నీ ఉంటాయి, ఒక్క శుభలేఖ దొరికితే దాని చుట్టూ పది సంగతులు కుదురుకుంటాయి. పేర్లు లేని జ్ఞాపకాలకి గాలివాన ముందా వెనకా అని అడుగు, మన వైపు హుద్‌హుద్ అంటారు, పలాస టెక్కలి వైపు చుట్టాలైతే 2018 అక్టోబరు తిత్లీ అంటారు. ఇంకా వెనక్కి వెళ్తే 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడు.

జిల్లా దగ్గర కూడా జాగ్రత్త. మీ అమ్మమ్మ పుట్టింది సీతానగరం వైపు పల్లె. పుట్టినప్పుడు అది విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం. ఆ ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలు నాలుగు మారాయి. కాగితాల కోసం ఆఫీసుకి వెళ్తే ఏ సంవత్సరానిదో చెప్పి ఏ జిల్లా రికార్డో అడుగు, లేకపోతే ఇక్కడ లేదమ్మా అని పంపించేస్తారు. మా అమ్మ చదివిన బడి పాత అడ్మిషన్ రిజిస్టరు నేను వెతికించాను, మూడో తరగతి మధ్యలో బడి మానేసినట్టు ఉంది, కారణం అని ఒక గడి ఉంటుంది, అందులో "ఇంటి పని" అని రెండు మాటలు. అంత చిన్నపిల్ల. ఆ రిజిస్టరు ముందు చాలాసేపు నిలబడిపోయాను. మీ అమ్మమ్మ పేరు ఏ రిజిస్టర్లోనూ దొరకదు, ఆవిడ బడికే వెళ్ళలేదు, ఆ సంగతి కింద చెప్తా.

మీ ఇంటి కాగితాలు మాత్రం తప్పకుండా తియ్యి. 1988లో ఆ స్థలం కొన్న కాగితం మీద ఆవిడ వేలిముద్ర ఉంటుంది, పక్కన ఎవరో రాసిన పేరు. 1999లో వెనక గదికి లోను తీసుకున్న కాగితం మీద సంతకం ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకో.

ఇంకో మంచి చోటు ఉంది, ఎవరూ చూడరు, గిన్నెలు. మన ఇళ్ళలో ఎవరేం ఇచ్చినా పేరు కొట్టించి ఇచ్చేవాళ్ళు కదా, పెళ్ళికి బిందె, సీమంతానికి పళ్ళెం, గృహప్రవేశానికి చెంబు, చాలావాటి మీద తేదీ కూడా ఉంటుంది. అటక మీద నుంచి అన్నీ దింపించి ఒక్కొక్కటి తిప్పి చూడు, అరిగిపోయి చదవడం రాకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దు, అక్షరాలు తేలతాయి. మా అమ్మ పెళ్ళి బిందె మీద ఆవిడ అసలు పేరు అలా దొరికింది నాకు. ఊళ్ళో ఆవిడ్ని మేష్టారి ఇల్లాలు అనేవాళ్ళు, మేం అమ్మ అనేవాళ్ళం, మా నాన్నగారు ఇదిగో అనేవారు. బిందె మీద ఉన్న పేరు సింహాచలం అప్పన్న పేరు కలిపి పెట్టింది, మొక్కుకుని పుట్టిన పిల్లంట. మన రెండు జిల్లాల్లో పేర్ల వెనక ఇలాంటివే ఉంటాయి, పైడితల్లికి మొక్కుకుంటే పైడమ్మ పైడిరాజు, శ్రీకూర్మం అయితే కూర్మమ్మ కూర్మారావు, అప్పన్న అయితే అప్పలనరసమ్మ. అందుకని ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ మొక్కు అని అడిగితే ఒక కథ వస్తుంది. మీ అమ్మమ్మ పేరు నువ్వు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయి, ఇంటిపేరుతో సహా, పుట్టింటి ఇంటిపేరు కూడా. ఫలానావాళ్ళ అమ్మ, ఫలానాయన భార్య అని కాదు.

కష్టమైన సంగతి ఒకటి ఉంది. ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి పోయిన పిల్లలున్నారు. మా అమ్మ ఏడుగుర్ని కని నలుగుర్ని పెంచింది, ఆ ముగ్గురి పేర్లు నేను ఎప్పుడూ అడగలేదు, భయమేసేది, ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. మీ అమ్మమ్మకి మీ అమ్మకంటే ముందు ఒక బాబు, పదకొండు నెలలు బతికాడు. పుస్తకంలో ఆ పిల్లాడికి చోటు ఇవ్వు. రెండు లైన్లు చాలు. అలాగే మీ అమ్మమ్మకీ ఆవిడ చెల్లెలికీ పొలం దగ్గర మాటలు పోయి తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు, అది దాచి అందరూ కలిసిమెలిసి ఉండేవారు అని రాస్తే ఊళ్ళో అందరికీ తెలిసిన అబద్ధం అవుతుంది. అయితే తప్పెవరిదో నువ్వు తీర్పు చెప్పకు, ఆ చెల్లెలి పిల్లలు కూడా చదువుతారు. మాటలు లేని తొమ్మిదేళ్ళూ సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు వాళ్ళమ్మ పేరు మీద రెండు చీరలు తీసేది మీ అమ్మమ్మ, ఒకటి తన తరఫున, ఒకటి చెల్లెలి తరఫున. నా ముందే తీసేది. అది రాయి చాలు.

వంటల గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. ఒక్కటే, ఆవిడ కొలతలు ఆవిడ గిన్నెలవి. తవ్వెడు బియ్యం, గిద్దెడు నూనె అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, అది రాసుకో. ఇంక ఆ వంకర స్టీలు గ్లాసుతో పోసేది కదా పనసపొట్టు కూరలో ఆవ, ఆ గ్లాసు ఇంట్లో ఉంటే తీసుకెళ్ళి నీ కిచెన్ త్రాసు మీద పెట్టి ఎంత పడుతుందో చూసుకో, లేకపోతే ఆ కూర ఎప్పటికీ కుదరదు.

ఫోటోలు ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, ఊడొస్తాయి, అద్దంతోనే నీడలో పెట్టి ఫ్లాష్ లేకుండా తియ్యి. వెనక పేర్లు పెన్సిల్‌తో రాయి, పెన్ను అయితే ముందుకి దిగిపోతుంది. వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపించమను అందర్నీ, మామూలుగా పంపిస్తే అచ్చులో మసకగా వస్తాయి.

ఇవన్నీ పోగుచేశాక ఎలా పేర్చాలి అని మళ్ళీ భయపడతావు. గొల్లపల్లిలో వీణ చేసేటప్పుడు చూశావు కదా, చిన్నప్పుడు నేనే తీసుకెళ్ళాను, ఒకే పనస దుంగలోంచి మొత్తం చెక్కుతారు, అతుకు కనపడదు. అలా రాయాలని కూర్చోకు, మనిషి గురించి మనకి అంత తెలీదు. మీ అమ్మమ్మ విస్తరిలా కుట్టు, ఒక్కో ఆకు ఒక్కో సంగతి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, అరపేజీ ఒకటి, నాలుగు పేజీలు ఒకటి, పుల్లలు కనపడనీ. ఎక్కడైనా తెలీని చోటు ఉంటే అందంగా కల్పించి నింపకు, ఇక్కడి నుంచి ఆరేళ్ళు ఏం జరిగిందో మాకు ఎవరికీ తెలీదు అని అలాగే రాసెయ్. అచ్చు పద్నాలుగు సైజు తక్కువ కాకుండా వేయించు, ఎక్కువమంది చదివేది మా వయసువాళ్ళే. డీటీపీ చేసినవాళ్ళు ఇచ్చిన ప్రూఫు ఒక్కదానివే చూడకు, ఒకళ్ళు పైకి చదువుతుంటే ఇంకొకళ్ళు చూడాలి, మనుషుల పేర్లు తప్పు పడితే వాళ్ళు జన్మలో మర్చిపోరు.

మీ అమ్మని ఇప్పుడే ఏమీ అడగకు. తను ఇంకా ఆ చీరల బీరువా తెరవట్లేదు, మొన్న వెళ్తే తాళంచెవి నా చేతికిచ్చి నువ్వే ఉంచు అత్తా అంది. బయటివాళ్ళు చెప్పినవి నువ్వు ఒక్కొక్కటి తెచ్చి చదివి వినిపించు, ఊరికే విననీ. ఒకరోజు కాదే అలా కాదు జరిగింది అని తనే దిద్దుతుంది. అప్పుడు రాసుకో.

ఇప్పుడు ఆ సంతకం సంగతి. 1997 చలికాలం. ఊరూరా పొదుపు సంఘాలు పెడుతున్న రోజులు, రోజుకి రూపాయి చొప్పున దాచాలి, నెలకి ముప్పై, బ్యాంకులో పాస్‌బుక్కు. మీ అమ్మమ్మ సంఘానికి లీడరు అవ్వాలని ఆడవాళ్ళంతా అన్నారు, సంతకం రానిదాన్ని నానేటి లీడరేటి అని వచ్చేసింది. ఆ రాత్రి విస్తళ్ళ చప్పుడు రాలేదు. ఎనిమిదిన్నరకి పాలగిన్నె ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, టీచరమ్మా నా పేరు రాయడం నేర్పుతావేటి అంది. పిల్లలకి తెలీకూడదు అంది. అప్పటికి మీ మామయ్య ఐటీఐలో ఉన్నాడు, మీ అమ్మకి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. యాభై ఏళ్ళకి పలక పట్టుకుంటే పిల్లలకి నామోషీ అనుకుంది.

రోజూ వచ్చేది. పెన్సిల్‌ని పుల్ల పట్టుకున్నట్టు పట్టుకుని కాగితంలోకి గుచ్చేది, ఒక పేజీ మీద రాస్తే కింద మూడు పేజీల మీద అచ్చు పడేది. పేరులో మిగతా అక్షరాలు వారంలో వచ్చేశాయి, "క్ష్మి" దగ్గర ఆగిపోయింది. ఈ ముడి ఇప్పలేకపోతన్నాను టీచరమ్మా అనేది. నాకు తెలిసిన పద్ధతులన్నీ చెప్పాను, రాలేదు. ఒకరోజు తనే చాలాసేపు చూసి, ఇదేటి, పైన ఆకు, కింద ఆకు, మద్దెలో పుల్ల, అంతే కదేటి అని ఒక్క ఊపులో రాసేసింది. నేను బడిలో ఎన్ని వందల మందికి నేర్పానో, ఆ ఒత్తు అలా ఎవరూ చూడలేదు.

సంఘం మొదటి మీటింగ్‌లో తీర్మానాల పుస్తకం మీద సంతకం పెట్టింది. పెట్టాక అలవాటుగా స్టాంపు ప్యాడ్ మీదికి బొటనవేలు వెళ్ళింది, మధ్యలో ఆగి, ఆ వేలు చీర చెంగుకి తుడుచుకుంది, ఇంకు అంటనేలేదు, అయినా తుడుచుకుంది. వీధిలోకి వచ్చాక, ఎవులికీ సెప్పకు, నాను పోనాక సెప్దువులే అంది.

ఆ కాపీ బుక్కు నా దగ్గరే ఉంది, నా బీరువాలో కింది అరలో, నీలం అట్ట. సంక్రాంతికి వస్తావు కదా, తీసుకెళ్ళు. మొదటి పేజీలన్నీ ఆవిడ పేరే. ఆఖరి ఆరు పేజీల్లో వేరే పేరు ఉంది, తన పేరు వచ్చేశాక ఇది కూడా రాయడం చెప్పు అని అడిగి నేర్చుకుంది, పేజీకి పద్దెనిమిది లైన్లు, లైనుకి మూడుసార్లు, మీ అమ్మ పేరు. పెళ్ళి శుభలేఖల మీద అడ్రసులు మా ఆయన రాశారు గానీ, మీ అమ్మ అత్తారింటికి వెళ్తున్నప్పుడు ట్రంకుపెట్టె మూత లోపల సుద్దతో రాసిన పేరు ఉంటుంది చూడు, అది మీ మామయ్య రాశాడనే మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. ఆ బుక్కు మీ అమ్మకి నువ్వే చూపించు. నావల్ల కాదు.

మీ టీచర్ మామ్మ